మలుపు దగ్గర ఎర్ర కోక

నేను తిరిగొచ్చి పది రోజులు దాటినా మా అక్క ఒకటే మాట. "నా దుప్పటేదే?" అని. బందరు వెళ్తున్నానంటే అక్క అడిగింది ఆ ఒక్కటే మరి, కలంకారీ దుప్పటి, అదీ ఎర్రది. కొన్నాను. బేరమాడి మరీ కొన్నాను. కానీ ఇంటికి తేలేదు. ఎందుకు తేలేదో ఫోనులో చెప్తే తెగేది కాదని ఇలా కూర్చుని రాస్తున్నాను. అక్కతోపాటు అటువైపు వెళ్లని వాళ్లంతా చదవచ్చు.

మాది అనంతపురం. నీళ్లంటే బోరు గొట్టంలోంచి దగ్గుతూ వచ్చేవే మాకు తెలుసు. మా తమ్ముడి కూతురు శైలజకు అటవీ శాఖలో ఉద్యోగం వచ్చి బందరులో పోస్టింగ్ ఇచ్చారు. దానికి అప్పజెప్పిన మొదటి పెద్ద పని దివిసీమ చివర ఉన్న మడ అడవికి కొత్త స్వాగతం బోర్డులు పెట్టించడం. ఎక్కడ పెట్టాలి, ఏం రాయాలి, ఏ బొమ్మ వేయాలి అన్నది ఊరివాళ్లను కూర్చోబెట్టి తేల్చాలట. "అత్తా, నువ్వు ఇంతవరకు సముద్రమే చూడలేదు. ఈ వంకన వచ్చి చూసిపో" అంది. బోర్డు పెట్టడానికి సభ దేనికి, రెండు మేకులు కొడితే పోలేదా అనుకుంటూనే సంచి సర్దాను.

గుడివాడ: నెయ్యి కారం

శైలజ గుడివాడ స్టేషన్‌కే ఎదురొచ్చింది. నమూనా బోర్డు అక్కడి దుకాణంలోనే తయారవుతోంది. ముందు టిఫిన్ తిందామని ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. ఇడ్లీల మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోస్తున్నారు. చల్లడం కాదు, పోయడమే! పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినే మనిషిని, కారానికి భయపడే రకం కాదు. ఆ నెయ్యికి మాత్రం భయమేసింది. ప్లేటు నలభై రూపాయలు. చాలని చెయ్యి అడ్డం పెడితే హోటలాయన నొచ్చుకున్నాడు.

"అదేంటండీ, మా ఊరొచ్చి రెండు ఇడ్లీలతో లేస్తారా? బాలేదంటే చెప్పండి, వేరేవి వేయిస్తాను."

"బాగున్నాయి నాయనా, కడుపు నిండింది."

"నిండటమేంటండీ, ఇంకా మొదలే పెట్టలేదు!" అంటూ ఇంకో రెండు వడ్డించాడు. వాటికి డబ్బు తీసుకోలేదు. మా వైపు అన్నం పెడతారు, తిను అంటారు, వదిలేస్తారు. ఇక్కడ తినేదాకా నిలబడి చూస్తారు. ఈ మర్యాదకు నాకు మొదటిరోజే కోపం వచ్చింది. రెండోరోజుకు అలవాటైంది. ఈ మర్యాదే నాలుగోరోజు ఒక పల్లెను ఎంత పనికి దింపిందో చెప్తాను.

నమూనా బోర్డు చూశాం. మనిషికి రెండింతల ఎత్తు. పచ్చటి అక్షరాలతో 'మడ అడవికి సుస్వాగతం' అని రాసి, పక్కన చేపను నోట కరుచుకున్న బావురుపిల్లి బొమ్మ వేశారు. శైలజ దాన్ని కన్నబిడ్డను చూసినట్టు చూసుకుంది. ఇలాంటివి రెండు, ఒకటి రోడ్డు మలుపులో, రెండోది పడవలు ఆగే రేవులో నీటి అంచునే పెట్టాలని దాని ఆలోచన.

బందరు: ఉప్పునీటి బేరం

మచిలీపట్నాన్ని ఆ ఊళ్లో ఎవరూ మచిలీపట్నం అనరు, బందరే. లడ్డూ తిన్నాను. రోట్లో దంచి దంచి, నెయ్యి పోసి చేస్తారట, నోట్లో వేసుకుంటే నమిలే పని లేదు. ఆటో ఎక్కితే డ్రైవరు "పిన్నిగారూ, జాగ్రత్తగా కూర్చోండి" అన్నాడు. అనంతపురంలో అక్కా అంటారు, అమ్మా అంటారు. అడగకుండానే నన్ను ఇంకొకరి అమ్మకు చెల్లెల్ని చేసినవాళ్లు వీళ్లే.

దుప్పటి దుకాణంలో మాత్రం చుట్టరికాలు పక్కన పెట్టాను. పండిన మిరపకాయలాంటి ఎరుపు, మీద అరచేయంత పూలు. పదిహేను వందలన్నాడు. ఎనిమిది వందలన్నాను.

"అమ్మా, ఇది చేత్తో అద్దిందండీ. రంగు పోదు."

"ఎండకి?"

"ఎండకి కూడా పోదండీ."

"ఉప్పునీళ్లకి?" ఊరికే అన్నాను, బేరంలో ఎక్కడా దిగడం లేదని.

దుకాణదారు పకపకా నవ్వాడు. "దుప్పటి పట్టుకుని సముద్రంలో దిగుతారా ఏంటండీ! పోదు, ఉప్పునీళ్లకి కూడా పోదు. వెయ్యి ఇచ్చి తీసుకెళ్లండి" అన్నాడు. తీసుకున్నాను.

శ్రీకాకుళం దాటాక

మరునాడు దివిసీమ దారి పట్టాం. ఉత్తరాంధ్రలోది కాదు, ఇక్కడ కృష్ణ ఒడ్డున ఇంకో శ్రీకాకుళం ఉంది, ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు. కార్తీకం కాబట్టి ఆడవాళ్లు ఏటి ఒడ్డున దీపాలు వదులుతున్నారు. నేను దర్శనం చేసుకుని వచ్చి మెట్ల మీద కూర్చుని నీళ్లనే చూస్తూ ఉండిపోయాను. ఇంత నీరు, ఎవరూ తవ్వకుండా, ఎవరూ మోటరు వేయకుండా, అలా పోతూనే ఉంది! నాకు దేవుడి ముందు రాని కన్నీళ్లు అక్కడ వచ్చాయి. "ఏమైంది అత్తా?" అని శైలజ కంగారు పడితే కంట్లో నలుసు పడిందని బొంకాను.

అక్కడినుంచి అటూ ఇటూ కాలవలు, పండిన వరి. అవనిగడ్డ దాటాక గాలిలో ఉప్పు తగిలింది. వరి ఆగిపోయి రొయ్యల చెరువులు వచ్చాయి. అవీ అయిపోయాక రోడ్డు అయిపోయింది, ఒక చిన్న పల్లెలో. దాని పేరు రాయను. రాయొద్దని మాట తీసుకున్నారు.

మడ అడవి

మాకు బస నాంచారమ్మగారి ఇల్లు. నలభై ఐదేళ్లుంటాయి, గొంతు మాత్రం పల్లెంతటికీ వినపడుతుంది. మగవాళ్లు వేటకెళ్లి తెచ్చిన చేపలు నాగాయలంకలో అమ్మేది ఈవిడే. వెళ్లగానే పీతల ఇగురు, వేడన్నం పెట్టి, "మా ఆయన వచ్చేస్తాడు, చీకటి పడకముందే అడవి చూసొచ్చెయ్యండి" అంది. ఆమె భర్త ఏడుకొండలు మమ్మల్ని నావ ఎక్కించుకున్నాడు. నవ్వు తప్ప మాట తక్కువ మనిషి.

నావ ఎక్కేటప్పుడే నా పరువు పోయింది. గట్టి నేలనుకుని కాలు పెట్టాను, మోకాలిదాకా బురదలో దిగబడింది. లాగితే కాలు వచ్చింది, చెప్పు రాలేదు. "ఇంక రాదండీ, అది ఈ అడవితల్లి మడమ్మకిచ్చేసినట్టే" అన్నాడు ఏడుకొండలు. రెండో చెప్పు కూడా అక్కడే వదిలేశాను. ఒంటి చెప్పుతో ఎవరికేం పని?

అడవంటే ఎత్తయిన చెట్లు, నీడ, కాలిబాట అనుకునేదాన్ని. ఇక్కడ చెట్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి. వేళ్లు నేలలోకి పోవడం కాదు, నేలలోంచి పైకి లేచి వేళ్లెత్తి చూపిస్తున్నాయి, వేలల్లో. ఊపిరి పీల్చుకోవడానికట! బురద మీద చేపలు పాకుతున్నాయి. చేప నేల మీద నడవడం నేను ఈ కళ్లతో చూశాను. ఎర్ర పీతలు మమ్మల్ని చూసి ఒక్కసారిగా కన్నాల్లోకి దూరాయి. కొమ్మ కొమ్మకీ కొంగలు. ఇంజను ఆపేశాక ఆ అడవంతా చిటపటమని ఏదో చిన్న చప్పుడు చేస్తూ ఉంది. బురద నీటిని తాగుతున్న చప్పుడట. భయమూ భక్తీ కలిసి ఒళ్లు జలదరించింది. ఉప్పెన వచ్చినప్పుడు ఈ చెట్ల వెనక ఉన్న ఇళ్లే నిలిచాయని మా అమ్మ చెప్పేది అన్నాడు ఏడుకొండలు. ఆ చెట్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఎవరేమనుకుంటే నాకేం?

కాసేపటికి గమనించాను. ఎటు చూసినా ఒకే పాయ, ఒకే చెట్టు. "నాయనా, నీకు దారి ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"లోపలైతే తెలుస్తుందండీ. సముద్రంలోంచి వచ్చేటప్పుడే తెలీదు. మొగలో ఇసుక మేట ఇవాళ ఇక్కడుంటే వారానికి అక్కడుంటది. అందుకే మా ఆడాళ్లు కోకలు కడతారు. అదిగోండి."

పాయ సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర, నీళ్ల మధ్య, వరసగా వెదురు గెడలు పాతి ఉన్నాయి. ప్రతి గెడకూ ఒక పాత చీర. పసుపు, నీలం, ఊదా, గళ్లది, చారలది. సాయంకాలపు గాలికి అన్నీ ఒకేసారి ఎగిరాయి.

ఇంటికొక గెడ అట. పాటు తీసి నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఆడవాళ్లు పీతలకోసం బురదలో దిగి, కాలితో లోతు చూసుకుంటూ, మేట ఎటు జరిగితే గెడ అటు జరుపుతారు. నావ ఆ కోకల వెంబడే రావాలి. అన్నిటికన్నా బయట, సముద్రం వైపు మలుపులో ఎర్ర కోక. అది ఎప్పుడూ ఎర్రదే. అత్తగారి నుంచి నాంచారమ్మకు వచ్చిన గెడ. ఎర్ర కోక దాకా వచ్చాకే నావ తిప్పాలి, ముందు తిప్పితే మేట ఎక్కి అలకు బోల్తా పడుతుంది. మలుపు గెడ వాళ్ల నావ అందరూ లోపలికొచ్చాక ఆఖరున రావాలి, అది కట్టుబాటు.

"ఇప్పుడు ఫోన్లలో దారి చూపిస్తాయి కదా" అంది శైలజ.

"చూపిస్తాయండి. మేట జరిగిన సంగతి ఫోనుకెవరు చెప్తారు?" అని నవ్వాడాయన.

పెద్దలొస్తున్న రోజు

మరునాడు సభ పొద్దున పదింటికన్నారు. మగవాళ్లు తెల్లవారకముందే వేటకెళ్లిపోయారు. నాంచారమ్మ చేపల బుట్టతో నాగాయలంక బస్సెక్కింది. ఆఫీసర్లు మాత్రం మధ్యాహ్నం రెండు దాటాక వచ్చారు. రేవులో షామియానా, కుర్చీలు, మామిడి తోరణాలు. ఏర్పాట్లన్నీ పల్లె పెద్ద వీరాస్వామివి. నాంచారమ్మకు వరసకు బావ అవుతాడు. తెల్ల పంచె మీద ఇస్త్రీ మడత చెదరకుండా తిరుగుతూ, వచ్చినవాళ్లందరికీ కొబ్బరిబోండాలు తనే అందించాడు.

నమూనా బోర్డు నిలబెట్టారు. మాటలు మొదలయ్యాయి.

"ఆ పిల్లి దేనికండీ? మా వలల్లో చేపలు దొంగతనం చేసేదే అది. దొంగను ద్వారం దగ్గర పెట్టి రమ్మంటే ఎవరొస్తారు?" అన్నాడొక ముసలాయన. అంతా గొల్లుమన్నారు. ఒకరు అమ్మవారి బొమ్మ కావాలన్నారు. ఒకరు అక్షరాలు ఎర్రగా ఉండాలన్నారు. పెద్దాఫీసరు ఓపిగ్గానే విన్నాడు. అసలు బోర్డు ఎక్కడ అన్న దగ్గరికి వచ్చేసరికి వీరాస్వామి లేచాడు.

"ఎక్కడో ఎందుకండీ? ఈ రేవులోనే పెట్టండి. ఎదురుగా అంతా శుభ్రం చేయించాను. చూడండి, ఎంత అందంగా ఉందో!"

పొద్దుటినుంచి బోర్డు హడావిడిలో మేమిద్దరం అటు చూడనే లేదు; ఇప్పుడు ఆయన చెయ్యి చూపించిన వైపు చూశాను. మొగలో నీళ్లు తప్ప ఏమీ లేదు. ఒక్క గెడ లేదు. శైలజ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అదీ అటే చూస్తోంది.

అప్పుడే వచ్చింది నాంచారమ్మ, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని. నీళ్లవైపు చూసి, బుట్ట అక్కడే పడేసింది.

"బావా! గెడలేవి?"

"తీయించానమ్మా. పెద్దోళ్లు వస్తుంటే ఆ పాత గుడ్డలేంటని..."

"కోకలేవి?"

"టీ పొయ్యిలో..." అన్నాడు వీరాస్వామి. "పదింటికి మీటింగన్నారు. అది అవగానే కొత్త కోకలు తెప్పించి, పన్నెండుకల్లా మళ్లీ పాతించేద్దామనుకున్నాను, ఆడాళ్లకూ అదే చెప్పాను. వీళ్లు వచ్చేసరికి పోటు వచ్చేసింది."

"మొగమాటానికి పోయి కొంప ముంచావు గదా బావా! మొగాళ్లంతా సముద్రం మీదున్నారు!"

ఆయన అక్కడే నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు. నాకు ఆయన మీద మండిపోవాల్సింది. మండలేదు. గుడివాడలో అడ్డం పెట్టిన నా చెయ్యి పక్కకు నెట్టి ఇడ్లీ వేసిన మనిషికీ ఈయనకీ ఏం తేడా? వచ్చినవాళ్లకు సుస్వాగతం చెప్పాలన్న ఆత్రంలో సొంతవాళ్లను ఇంటికి పిలిచే గుర్తులు పీకేశాడు, అంతే.

పోటు

నీళ్లు ఎక్కుతూ పోటు మీదుండగా గెడ పాతడం కుదరదు, బురదలో నిలవదు. ఆకాశం మబ్బుగా ఉంది, గాలి లేచింది. నావలు పోటుతోనే వస్తాయి, వచ్చే వేళైంది. పెద్దాఫీసరు ఫోను తీసి ఎవరెవరికో చేస్తున్నాడు. సముద్రం మీదున్న ఫోన్లు ఒక్కటీ పలకడం లేదు.

నాంచారమ్మ ఎవరి సలహా అడగలేదు. "ఎవరి గెడ చోటులో వాళ్లు దిగండే!" అని ఒక్క కేక పెట్టింది. షామియానా కింద కూర్చున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. ఇళ్లకు పరిగెత్తి, దండేల మీద చీరలు లాక్కుని వచ్చారు. పసుపు ఇంటావిడ పసుపుదే తెచ్చింది, నీలం ఇంటావిడ నీలందే. నీళ్లలోకి దిగారు. ఒకరికి నడుం దాకా, ఒకరికి రొమ్ముల దాకా. కాలితో బురద తడుముకుంటూ వెళ్లి, ఎవరి చోటు దగ్గర వాళ్లు ఆగి, చీర రెండు చేతులతో తలపైకెత్తి పట్టుకున్నారు.

నాంచారమ్మ మాత్రం ఇంట్లోంచి ఉత్తి చేతులతో వచ్చింది. "ఎర్రది లేదండీ" అంది నాతో. ఆ గొంతు అంత చిన్నగా పలకడం అప్పుడే విన్నాను. "ఉన్న ఒక్కటీ గెడకే కట్టాను. వేరే రంగైతే మలుపని తెలీదు. ముందే తిప్పేస్తారు."

నేనేం ఆలోచించలేదు. చెప్పుల్లేని కాళ్లతో ఇంట్లోకి పరిగెత్తి సంచిలోంచి అక్క దుప్పటి లాగి ఆమె చేతిలో పెట్టాను. "ఉప్పునీళ్లకి రంగు పోదట" అన్నాను. ఏడుపొచ్చేటప్పుడు నా నోట్లోంచి ఇలాంటి మాటలే వస్తాయి. ఆమె దుప్పటి తలకు చుట్టుకుని నీళ్లలో దిగింది. అందరినీ దాటి మలుపు దాకా పోయి, మెడలోతు నీళ్లలో నిలబడి, దాన్ని ఎత్తింది. అలలు మొహాన కొడుతున్నాయి. దుప్పటి దించలేదు.

ఎంతసేపలా నిలబడ్డారో నాకు తెలియదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. మబ్బులో ముందు ఒక చుక్క కనపడింది, తరువాత చుక్కలు. మొదటి నావ మేటవైపే వస్తోంది, వస్తోంది... ఎర్ర దుప్పటి దాకా వచ్చి, మెడ తిప్పినట్టు తిరిగింది. తిరిగి, కోకల వెంబడి లోపలికొచ్చింది. దాని వెనకే, దాని జాడ పట్టుకుని ఇంకోటి. నావ లోపలికి రాగానే ఆ ఇంటి కోక దిగుతోంది. ఒక్కొక్క రంగే తగ్గిపోతోంది. ఆఖరికి ఎర్రది ఒక్కటే మిగిలింది.

ఏడుకొండలు ఆఖరున రావాలి. అది కట్టుబాటు. నీళ్లలో ఒంటరిగా ఆమె, బయట ఎక్కడో ఆయన. వీరాస్వామి తెల్ల పంచెతోనే నీళ్లలో దిగిపోయాడు. వెళ్లి నాంచారమ్మ వెనక నిలబడి, ఆమె మోచేతుల కింద తన చేతులు పెట్టి దుప్పటికి ఊతమిచ్చాడు. ఇద్దరూ అలాగే ఉన్నారు.

నావ వచ్చింది. మలుపు తిరిగి, వాళ్ల పక్కనే ఇంజను ఆగింది. ఏడుకొండలు ఇద్దరినీ పైకి లాగి, తడిసిన దుప్పటిని పట్టి చూశాడు.

"ఇదేంటే, మన కోకకు పూలు పూశాయి?"

నాంచారమ్మ భోరున ఏడ్చింది. ఒడ్డున మేమంతా ఏడుస్తూనే నవ్వాం.

ఆ చీకటి పడే వేళ పెద్దాఫీసరు ప్యాంటు మడిచి బురదలో నిలబడే నిర్ణయం చెప్పాడు. రేవులో బోర్డు వద్దు. ఒక్కటే, రోడ్డు మలుపులో. నీటి వైపు ఏదీ కట్టకూడదు, గెడలు ముట్టకూడదు. పిల్లి బొమ్మ ఉంటుంది, దాని నోట్లో చేప మాత్రం తీసేస్తారు. ముసలాయన దానికి ఒప్పుకున్నాడు. శైలజ తలూపింది. నమూనా బోర్డు వైపు మళ్లీ చూడలేదు. ఆ రాత్రి అందరికీ నాంచారమ్మ ఇంట్లోనే చేపల పులుసు. మొదటి ముద్ద కలిపి వీరాస్వామి పళ్లెంలో పెట్టింది. "తిను బావా" అంది. ఆయన తలెత్తలేదు. తినేదాకా ఆమె నిలబడి చూసింది.

మరునాడు పొద్దున పాటు తీశాక గెడలన్నీ మళ్లీ లేచాయి. నేను బయలుదేరుతుంటే నాంచారమ్మ దుప్పటి ఉతికి, ఆరేసి, మడత పెట్టి తెచ్చింది. "కొత్తదండీ. తీసుకెళ్లండి. నేను నాగాయలంకలో ఇంకోటి కొంటాలెండి" అంది. నేను దాన్ని తీసుకెళ్లి ఏడుకొండలు చేతిలో పెట్టాను. ఆయన మలుపు గెడకు కట్టొచ్చాడు.

ఇదీ సంగతి. రాసినదంతా నిన్న అక్కకు ఫోనులో చదివి వినిపించాను. ముగిసేదాకా ఉఁ కొట్టలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"ఉన్నావా అక్కా?"

"ఉన్నాలే" అంది, ముక్కు చీదుకుంటూ. "ఒక్క దుప్పటి ఎన్నాళ్లొస్తాదే, ఆ గాలికి? ఇంకో రెండు ఎర్రవి తెప్పించి పంపుదాం."